ఫతేమైదాన చరిత్రము — మన కర్తవ్యము



మన మహాసభల ప్రత్యేకసంచికలలో కులోత్పత్తిని గూర్చియు, గోత్రప్రవరలను గూర్చియు, పూర్వదాతల చరిత్రములను గూర్చియు వ్యాసములు వెలువడుట ఆచారము. అవి యుండదగినవే. కాని యీ పర్యాయము మేము వానిని విడిచి ఒక మైదానమును గూర్చి వ్రాయ నెంచితిమి. సంస్కృతము చెప్పుకొని బ్రదికిన వృద్ధునకు బంతులతోను బాడ్మింటనుతోను ఏమి పని యని కొందఱు మిత్రులు నవ్విరి. చదువు చెప్పినవారికి చదువరుల దేహమును గూర్చిన చింత యుండరాదా యని మా ప్రత్యుత్తరము.

మన తిరుపతి చిత్తూరు ప్రాంతములందు ఏ కులమువారిని జూచినను సత్రములు కట్టిరి; విద్యార్థివసతిగృహములు కట్టిరి; కల్యాణమండపములు కట్టిరి. బిడ్డలు సాయంకాలము పరుగెత్తుటకు నాలుగెకరముల నేల నిచ్చిన సంఘము మాత్రము మిక్కిలి యరుదు. అట్టి నేల నొకదానిని మన సంఘము సంపాదింపవలె నని మా మనవి. సంపాదించుటకు ముందు దాని నెట్లు కట్టవలయునో, కట్టినదాని నెట్లు కాపాడవలయునో తెలిసికొనుట మేలు. అందులకై తెలుగునాట మిక్కిలి ప్రసిద్ధి గన్న బహుళప్రయోజన క్రీడారంగమును, అనగా హైదరాబాదు నగరమున బషీరుబాగులోని ఫతేమైదానమును, నేటి లాల్ బహదూర్ శాస్త్రి స్టేడియమును, ఉదాహరణముగా గైకొంటిమి. దాని చరిత్రము నుండి మనము నేర్వవలసినవి రెండు గలవు. మొదటిది, ఆటనేల వచ్చినవానిని నీ కుల మేది యని యడుగరాదు. రెండవది, పలుపనుల కుపయోగించు నేల తుదకు ఆటకే దొరకని దగు ప్రమాదము గలదు.

రంగమున కులప్రశ్నము

క్రీడారంగము మనకు క్రొత్తది కాదు. భారతమున ఆదిపర్వమందు ద్రోణాచార్యుడు కురుకుమారులకు అస్త్రవిద్య గఱపి, వారి నేర్పును లోకమునకు జూపుటకై రంగమును కట్టించిన కథ మనము చిన్ననాట నుండి వినుచున్నదే. ఆయన మొదట నేలను కొలిపించెను. అది సమతలముగను, చెట్లును పొదలును లేనిదిగను, ఉత్తరమునకు వాలుగలదిగను ఉండునట్లు చూచెను. పిమ్మట రాజునకును అంతఃపురస్త్రీలకును ప్రేక్షాగారము లమరెను. జనపదములవారు తమకు తామే మంచెలు కట్టుకొనిరి. నేటి స్థపతులును మైదానమునకు మొదట చూచునవి యివియే: నేల చదునుగా నుండుట, అడ్డములు లేకుండుట, వాననీరు జాఱిపోవుట.

ఇంత చక్కగా కట్టిన యా రంగమున నొక యనర్థము జరిగినది. కర్ణుడు ప్రవేశించి అర్జునుడు చేసిన వెల్ల తానును చేసి చూపి, ద్వంద్వయుద్ధము గోరెను. అంతట కృపాచార్యుడు, నీ తల్లిదండ్రు లెవరు, నీ వంశ మేది చెప్పుమని యడిగెను. కర్ణుని తల వాలిపోయెను. దుర్యోధను డతని నంగరాజ్యమున కభిషిక్తుని జేసినాడు. ఆ క్షణమున పుట్టిన కృతజ్ఞతయు, ఆ క్షణమున పుట్టిన వైరమును కురుక్షేత్రము దాక నడచినవి. ఒక్క ప్రశ్నమునకు ఎంత మూల్యము చెల్లింపవలసి వచ్చెనో విజ్ఞు లెఱుగుదురు.

ఈ ప్రశ్నము మన దేశమునకే పరిమితము కాదు. స్టేడియ మను పదము గ్రీకుభాష నుండి వచ్చినది. అది మొదట ఒక దూరమునకు పేరు. ఒలింపియాలో ఆ దూరము సుమారు 192 మీటర్లు. ఆ పరుగును, పరుగుపందెము జరుగు స్థలమును ఆ పేరనే పిలిచిరి. క్రీస్తునకు పూర్వము 776వ సంవత్సరము మొదలుగా అచ్చటి పోటీల లెక్క దొరకుచున్నది. ప్రేక్షకులలో నెక్కువమంది ఇరుప్రక్కల మట్టిగట్లపై కూర్చుండి చూచెడివారు. కాని యందు పోటీచేయుటకు స్వతంత్రులగు గ్రీకుపురుషులకే యర్హత. మాసిడోనియా రాజు మొదటి అలెగ్జాండరు పరుగుపందెమునకు రాగా, నీవు గ్రీకువాడవు కావని తోడిపోటీదారు లాక్షేపించిరనియు, అతడు తన వంశమూలము అర్గోసు నగర మని నిరూపించుకొనిన పిమ్మటనే పరుగెత్తనిచ్చిరనియు హెరొడోటసు వ్రాసినాడు. రాజునకే యిట్లయినచో సామాన్యుని మాట చెప్పనేల?

మన సీమకు వత్తము. మన తిరుమలేశుని సేవించి, మన చంద్రగిరికోట నేలిన విజయనగరప్రభువుల కాలమున వ్యాయామమునకు గొప్ప యాదరము గలదు. 1520 ప్రాంతమున విజయనగరమును జూచిన పోర్చుగీసువాడు డొమింగో పేస్, శ్రీకృష్ణదేవరాయలు తెల్లవాఱక మునుపే లేచి నువ్వులనూనె త్రాగి, దేహమున కా నూనెయే పట్టించుకొని, బరువు లెత్తి, కత్తిసాము చేసి, మల్లునితో పెనగి, పిదప గుఱ్ఱ మెక్కి తిరుగునని వర్ణించెను. మహానవమి యుత్సవములందు మల్లయుద్ధములు జరుగుచుండెను. అయినను అది రాజసభామధ్యమున జరుగు వేడుక; రాజు చూడగా మల్లులు పోరాడుట. ప్రజలు తమకొఱకు తా మాడుకొను నేల యను భావము తరువాతి కాలమున గాని రాలేదు.

చేపాకము నుండి ఫతేమైదానమునకు

చిత్తూరు జిల్లా 1911లో నేర్పడినది. అది మొదలు 1953 వఱకు మనము చెన్నరాజధానిలోని వారము. ఆ దినములలో మన బాలురకు పెద్దమైదాన మనగా చెన్నపట్టణపు చేపాకమే. అచ్చటి మద్రాసు క్రికెట్టు క్లబ్బున యూరోపియనులకే సభ్యత్వ ముండెను. భారతీయులు ఆటకు పిలువబడినను విరామవేళ లోనికి రానిచ్చెడివారు కారు. చెట్ల నీడను కూర్చుండవలసినదే. ఈ యవమానమును సహింపక, బుచ్చిబాబు నాయుడను తెలుగుబిడ్డ 1888లో మద్రాసు యునైటెడ్ క్లబ్బును స్థాపించి, భారతీయబాలురకు సొంత మైదానమును, ఆటసామగ్రిని సమకూర్చెను. దక్షిణభారత క్రికెట్టునకు జనకు డని యాయనకు పేరు. ఆయన 1908లో కాలధర్మము నొందెను. ఆయన ప్రోది చేసిన క్రీడాకారుల వలననే, తరువాతి సంవత్సరములలో సంక్రాంతినాళ్ల యూరోపియనులకును భారతీయులకును చేపాకములో నేటేట పోటీ నడచెను.

బొంబాయిలో మఱియొక విధము. హిందువులు, పారసీకులు, మహమ్మదీయులు, యూరోపియనులు వేఱువేఱు జట్లుగా నాడెడివారు. 1937 నుండి ఇతరుల జట్టొకటి చేరి యైదయ్యెను. జనులు వేలకొలది వచ్చిరి. కాని హిందువుల జట్టులోనే మఱల కులప్రశ్నము పుట్టినది. పల్వంకర్ బాలూ అను అంత్యజవర్ణమువాడు ఆ కాలమున బంతి వేయుటలో నద్వితీయుడు. 1911లో ఇంగ్లండు పర్యటనమున నూఱింటికి మించి వికెట్లు గొనెను. అట్టివానికి విరామవేళ టీని ఆవల నిలిపి మట్టిపిడతలో నిచ్చెడివారు. నాయకత్వ మతనికి కడవఱకు దక్కలేదు; అతని తమ్ముడు విఠలునకు 1923లో దక్కెను. మతజట్ల పోటీలు 1946తో నంతరించినవి. కులసంఘమున కూర్చుండి యీ కథ చెప్పుట మాకు సంకోచముగా లేదు. మన సంఘములు పుట్టినది విద్యయందు వెనుకబడిన బిడ్డలను ముందునకు దెచ్చుటకే గాని, మైదానమున గోడలు కట్టుటకు గాదు.

ఆ చెన్నపట్టణముననే 1920లో హారీ క్రో బక్ అను అమెరికనుదేశీయుడు యువకక్రైస్తవసంఘపు వ్యాయామవిద్యాకళాశాలను స్థాపించెను. వ్యాయామోపాధ్యాయులకు క్రమమైన శిక్షణ మన దేశమున దానితోనే యారంభ మయ్యెను. అట్టివారి వలన చెడుగుడు వంటి మన పల్లెయాటలకును నియమములు, హద్దుగీతలు, కాలపరిమితి యేర్పడినవి.

1953లో ఆంధ్రరాష్ట్రము, 1956లో ఆంధ్రప్రదేశము ఏర్పడినవి. 1953-54లో ఆంధ్రజట్టు మొదటిసారి రంజీపోటీలలో ప్రవేశించెను. 1932లో లార్డ్సు మైదానమున భారతజట్టునకు ప్రథమనాయకుడైన సి.కె. నాయుడు ఏబదియెనిమిదేండ్ల ప్రాయమున ఆ జట్టుపక్షమున నాడెను. రాజధాని హైదరాబాదు కాగా, మన జిల్లా బాలురకును రాష్ట్రస్థాయి పోటీ యనగా చేపాకము పోయి ఫతేమైదాన మయ్యెను. కావున దాని చరిత్రము మనకును స్వకీయమే.

ఫతేమైదానము

ఫతే యనగా విజయము. 1687లో ఔరంగజేబు గోలకొండకోటను ఎనిమిది నెలలు ముట్టడించి పట్టుకొనెను. ఆ ముట్టడికాలమున మొగలుసైనికులు విడిసిన నేల యిది. జయము కలిగిన పిమ్మట ఆ నేలకు ఫతేమైదాన మని పేరు వచ్చెను. ప్రక్కననే నౌబతుపహాడు గలదు. అసఫ్‌జాహీ ప్రభువుల కాలమున నిది పోలో ఆడు స్థలము. గుఱ్ఱము లేనివానికి పోలో లేదు గదా! కావున మొదట సైనికులది, పిమ్మట ప్రభువులది యైన యీ నేల, ప్రజల యాటకు కాలక్రమమున గాని రాలేదు.

హైదరాబాదున క్రీడాభిమానము మెండు. 1930-31లో నారంభమైన మొయినుద్దౌలా బంగారుపాత్ర క్రికెట్టుపోటీలకు దేశపు మేటిక్రీడాకారులు వచ్చెడివారు. అవి మొదట సికిందరాబాదు జింఖానాలో జరుగుచుండెను. 1937-38లో హైదరాబాదుజట్టు రంజీపాత్రను గెలిచెను. ఫుట్‌బాలు క్రీడయందు ఆ నగరము సాధించినది యింకను గొప్పది. హైదరాబాదు నగర పోలీసుజట్టు 1950 మొదలు 1954 వఱకు వరుసగా నైదేండ్లు రోవర్సుపాత్రను గైకొనెను. ఆ జట్టునకు గురువు సయ్యద్ అబ్దుల్ రహీము. ఆయన వృత్తిచేత బడిపంతులు. ఈ మాట వ్రాయునప్పుడు మా కలము కొంచెము గర్వించిన క్షమింపుడు. ఆయన శిక్షణలో భారతజట్టు 1951లోను 1962లోను ఆసియాక్రీడలందు స్వర్ణపతకము గెలిచెను. 1956 మెల్బోర్న్ ఒలింపిక్సులందు నాల్గవస్థానము నందెను. ఆయన 1963లో పరలోకగతు డయ్యెను. నాటి నుండి నేటి వఱకు ఆసియాక్రీడలందు ఫుట్‌బాలు స్వర్ణము మనకు మఱల రాలేదు.

1955 నవంబరు 19వ తేదీన ఫతేమైదానమున మొట్టమొదటి క్రికెట్టు టెస్టు ఆరంభమైనది. ప్రత్యర్థులు న్యూజీలాండువారు. భారతనాయకుడు హైదరాబాదువాడే యైన గులాం అహమ్మదు. పాలీ ఉమ్రీగరు 223 పరుగులు చేసెను. టెస్టుక్రీడలో భారతీయుడు ద్విశతకము చేయుట కదియే ప్రథమము. చెన్నపట్టణపు కృపాల్ సింగు తన మొదటి టెస్టుననే శతకము చేసెను. పోటీ జయాపజయములు లేక ముగిసెను. ఒక హైదరాబాదు మహమ్మదీయుని నాయకత్వమున, ఒక పారసీకుడు, ఒక సిక్కు వంశజుడు కలిసి యొక్క జట్టై పరుగులు చేసిరి. బొంబాయి మతజట్లు అంతరించి యప్పటికి తొమ్మిదేండ్లే యైనవని పాఠకులు గమనింతురు గాక.

1966 జనవరిలో ప్రధానమంత్రి లాల్ బహదూర్ శాస్త్రి తాష్కెంటున దివంగతు డయ్యెను. 1967లో ఈ స్టేడియమునకు ఆయన పేరు పెట్టిరి. విజేతయగు చక్రవర్తి స్మృతిని మోసిన నేల, ఒక బడిపంతులు కొడుకై పుట్టి ప్రధానియైన మితభాషి పేరును ధరించెను. పాతబస్తీ వృద్ధులు మాత్రము ఇప్పటికిని ఫతేమైదానమనియే యందురు.

1969 అక్టోబరు టెస్టున భారతజట్టు తొలి యిన్నింగ్సులో 89 పరుగులకే కూలెను. ప్రేక్షకులలో నలజడి చెలరేగినది. తుదిదినమున వాన రాకున్న నోటమి తప్పకుండెడిది. 1988లో జరిగిన మూడవ టెస్టున మనవారు పదివికెట్లతో గెలిచిరి. ఆ మూడు టెస్టులందును ప్రత్యర్థులు న్యూజీలాండువారే యగుట యొక వింత. 1987 ప్రపంచపాత్ర పోటీలందు జింబాబ్వే ఆటగాడు హౌటను 142 పరుగులు చేసియు తన జట్టును గెలిపింపలేకపోయెను. మూడే పరుగులతో న్యూజీలాండు బయటపడెను. 1999 నవంబరు 8వ తేదీన సచిన్ టెండూల్కరు 186, రాహుల్ ద్రావిడు 153 పరుగులు చేసి రెండవ వికెట్టునకు 331 పరుగులు జోడించిరి. ఏకదిన క్రికెట్టులో నేవికెట్టునకైనను అప్పటికి ప్రపంచమున నదియే యత్యధికము. 2015 వఱకు ఆ లెక్క చెక్కుచెదరలేదు. 2003 నవంబరున జరిగిన ఆటతో ఇచ్చటి అంతర్జాతీయ క్రికెట్టు ముగిసినది. 2005 నుండి ఆ వైభవము ఉప్పలు స్టేడియమునకు తరలిపోయెను.

అందలి వసతులు

నగరమధ్యమున, శాసనసభకును నిజాంకళాశాలకును చేరువనున్న యీ స్టేడియమున సుమారు ముప్పదివేలమంది కూర్చుండి చూడవచ్చును. నడుమ అండాకారమైన పచ్చికనేల. చుట్టును మెట్టుమెట్టుగా లేచిన ప్రేక్షకస్థానములు. రాత్రి యాటలకు ఎత్తైన స్తంభములపై దీపములు. ప్రాంగణమందే ఈతకొలను, టెన్నిసు తావులు, కప్పుగల యాటశాలయు గలవు. క్రీడాప్రాధికారసంస్థ కార్యాలయ మిచ్చటనే కలదు. గ్యాలరీల క్రింద వీధివైపు దుకాణములు కట్టి అద్దె కిచ్చిరి. వానిలో క్రీడాసామగ్రి నమ్మునవి పెక్కు. ఆటనేలకు అద్దెరాబడి కూర్చుట యను నీ యుపాయము గమనింపదగినది.

ఒక్క నేలపై పలు ఆట లాడించుట సులభము కాదు. క్రికెట్టునకు నడుమ 22 గజముల గట్టి బంకమట్టిపట్టె కావలెను. దానిని నీరు చల్లి, రోలరుతో నణచి, నెలలతరబడి పోషింపవలెను. ఫుట్‌బాలునకు నడుమ నేల మెత్తగా, చుట్టుపచ్చికతో సమానముగా నుండవలెను. నిడివి సుమారు 105 మీటర్లు, వెడల్పు 68 మీటర్లు చాలును. పరుగుపందెములకు నాలుగువందల మీటర్ల చుట్టుబాట వలయును. దాని నమర్చినచో ప్రేక్షకుడు ఆటకు దూరమగును. ఒకదానికి మేలు చేసినది మఱియొకదానికి కీడు. అందుచేతనే 2002 జాతీయక్రీడలకును 2003 ఆఫ్రో-ఆసియా క్రీడలకును నగరమునకు వెలుపల గచ్చిబౌలిలో వేఱు క్రీడాసముదాయము వెలసెను. అచ్చటి ప్రధానస్టేడియమునకు జి.ఎం.సి. బాలయోగి పేరు పెట్టిరి. దళితులలో నుండి లోకసభాపతి పీఠ మెక్కిన ప్రథముడాయన, కోనసీమ బిడ్డ.

పెద్దయాటలు తరలిపోయినను ఫతేమైదానము పాడుపడలేదు. దాని నిజమైన ఘనత ఆ కప్పుగల యాటశాలలో నున్నదని మా యభిప్రాయము. హర్యానాలో పుట్టి, వ్యవసాయశాస్త్రజ్ఞుడగు తండ్రి యుద్యోగరీత్యా హైదరాబాదు చేరిన సైనా నెహ్వాలు అను బాలిక అచ్చటనే బాడ్మింటను శిక్షణ మొదలిడెను. తెల్లవాఱక మునుపే తండ్రి యామెను స్కూటరుపై 20 కిలోమీటర్లకు మించిన దూరము గొనివచ్చెడివాడు. ఆమె 2012 లండను ఒలింపిక్సులందు కాంస్యపతకము గెలిచెను. ఆమెకు గురువులైన వారిలో నొకరు ఎస్.ఎం. ఆరిఫు. 2001లో ఆల్ ఇంగ్లండు విజేతయైన పుల్లెల గోపీచందును ఆయన శిష్యుడే. ప్రభుత్వము ఆయనకు ద్రోణాచార్య పురస్కార మొసగెను. పేరు ద్రోణునిదే యైనను ఈ గురువు ఏకలవ్యుని వ్రేలు కోరలేదు. వచ్చిన పిల్లను నీ నా డేది, నీ భాష యేది యని యడుగలేదు. ఆ గుమ్మమున నా ప్రశ్న మడిగియుండినచో దేశమున కొక పతకము తక్కువయై యుండెడిది.

బహుళప్రయోజనము

బహుళప్రయోజన మను సమాసమును విడదీసి చూతము. ప్రయోజనములు పెక్కు, కాని యెవరికి? 1983 జనవరి 9వ తేదీన నందమూరి తారకరామారావు రాజభవనమున గాక ఈ స్టేడియమున ప్రజల యెదుట ముఖ్యమంత్రిగా ప్రమాణము చేసెను. 1994లో మఱల నచ్చటనే చేసెను. 2004, 2009 సంవత్సరములలో వై.ఎస్. రాజశేఖరరెడ్డియు, తెలంగాణరాష్ట్ర మేర్పడిన పిమ్మట 2023 డిసెంబరు 7వ తేదీన రేవంతరెడ్డియు నచ్చటనే ప్రమాణము చేసిరి. ప్రజాప్రభుత్వము ప్రజలు గూడు చోట ప్రమాణము చేయుట యుచితమే. పక్షభేదము లేక అందఱు నా స్థలమునే కోరుట దాని కొక గౌరవము.

కాని వేదిక కట్టుటకు గుంజలు పాతవలెను. గుంజలకు గోతులు త్రవ్వవలెను. వాహనములు పచ్చికపై నడువవలెను. సభ ఒక దినము. పచ్చిక కోలుకొనుటకు వారములు. ఇది ఫతేమైదానము నొక్కదానికే కాదు, దేశమున ప్రతి పట్టణమైదానమునకును తప్పని కథ. సభ, ప్రదర్శనశాల, వివాహవిందు—ఇవి రాబడి తెచ్చును. ప్రాతఃకాలమున నలువదిమంది పిల్లలు పరుగెత్తుట వలన దమ్మిడీ రాదు. రాబడి తెచ్చు ప్రయోజనము రాబడి లేని ప్రయోజనమును మెల్లమెల్లగా త్రోసివేయును. త్రోయబడినవారు చిన్నవారగుట చేత ఫిర్యాదు చేయరు.

మేము ఉపాధ్యాయులమై యుండిన కాలమున నొక పాఠశాలలో నిది ప్రత్యక్షముగా జూచితిమి. మొదట మైదానపు మూల రెండు గదులు. తరువాత పరీక్షలకొఱకు రేకులచావడి. పిమ్మట ప్రహరీ వెంబడి అంగళ్లు. పదియేండ్లలో చెడుగుడు గిరి గీయుటకు స్థలము లేకపోయెను. డ్రిల్లుగంటలో బాలురు గణితము చేసిరి. ఎవ్వరును దుర్బుద్ధితో చేసిన పని కాదు. ప్రతివారు నొక మంచిపనికే కొంచెము నేల యడిగిరి.

అదే పాఠశాలలో మఱియొకటియు జూచితిమి. బాలురు చెడుగుడు ఆడునపుడు తమంతట తాము వీధులవారీగా జట్లుగా చీలెడివారు. వీధు లనగా మన యూళ్లలో నేమియో మీ రెఱుగుదురు. ఓడినవారు ఇంటికి పోవుచు తిట్టుకొనునవి ఆటను గూర్చిన తిట్లు కావు. క్రొత్తగా వచ్చిన డ్రిల్లుమేష్టరు ఒక్క మాటయు ఉపన్యసింపలేదు. హాజరుపట్టీ తెచ్చి, సరిసంఖ్యవా రొక జట్టు, బేసిసంఖ్యవా రొక జట్టు అని విభజించెను. నెల తిరుగునప్పటికి ఒక వీధి బాలుడు కూతకు పోయి పట్టుబడినచో, వేఱొక వీధి బాలుడు వాని దుమ్ము దులుపుచుండెను. మేము ముప్పదియేండ్లు సుభాషితములు వల్లెవేయించియు సాధింపలేనిదానిని ఆయన హాజరుపట్టీతో సాధించెను.

మన తిరుపతి

తిరుపతి యందును మైదానములు లేకపోలేదు. 1954లో శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయము స్థాపింపబడినది. దాని ప్రాంగణమున తారకరామ క్రీడామైదానము గలదు. 2017 జనవరి 3వ తేదీన 104వ భారత విజ్ఞానమహాసభను ప్రధానమంత్రి ఆ ప్రాంగణముననే ప్రారంభించెను. నగరమున శ్రీనివాస క్రీడాసముదాయము గలదు. ఇందిరా మైదానమున 2022 జనవరిలో జాతీయస్థాయి కబడ్డీపోటీలు జరిగినవి. అనగా మనకును ఫతేమైదానపు వన్నియు స్వల్పప్రమాణమున నున్నవి: ఆటయు, సభయు, వైభవమును.

కాని నగరమైదానము నగరమువారికి. పల్లెబిడ్డ మాట యేమి? భారత మహిళా హాకీజట్టున గోల్ రక్షకురాలై, 2018 ఆసియాక్రీడలందు రజతపతకము గెలిచిన జట్టున నుండిన ఇ. రజని మన ఎర్రావారిపాళెము మండలపు పల్లెబిడ్డ. ఏ స్టేడియపు నీడను ఆమె పుట్టలేదు. అట్టి బిడ్డలు మన పల్లెలలో నింకెందఱు కఱ్ఱ పట్టక, బంతి ముట్టక పెండ్లిపీట లెక్కుచున్నారో లెక్కించువారు లేరు.

మన కర్తవ్యము

కావున మహాసభవారికి మా విన్నపము. రాబోవు సంవత్సరములలో మన నిధిలో నొక భాగముతో తిరుపతికి గాని చిత్తూరునకు గాని చేరువను కొంత నేల గొని ఆటమైదానము నేర్పఱుపుడు. గ్యాలరీలు వలదు, ఒలింపియావలె మట్టిగట్టు చాలును. ద్రోణుడు చూచిన మూడును చూడుడు: చదును, శుభ్రము, నీరు జాఱు వాలు. ఒక త్రాగునీటి కుళాయియు, బాలికలు దుస్తులు మార్చుకొనుటకును శౌచమునకును తలుపుగల గదులును ముందుగా కట్టుడు. ఈ గదులు లేకున్న తల్లులు కూతుండ్రను పంపరు. ప్రహరీకంటె ముందు వ్యాయామోపాధ్యాయుని జీతమునకు శాశ్వతనిధి యుంచుడు. మైదాన మున్నను మేష్టరు లేనిచో నది బీడు. మైదానము కొంచెమైనను మేష్టరున్నచో నది బడి.

దాతల పేళ్లు శిలాఫలకమున చెక్కింపుడు, అది న్యాయము. కాని దానశాసనమున రెండు షరతులు చేర్పుడు. మొదటిది: సూర్యోదయము నుండి పాఠశాల వేళ వఱకును, సాయంకాలము నాలుగు గంటల నుండి దీపము పెట్టు వఱకును ఈ నేలను ఏ సభకును, ఏ వివాహమునకును, మన సంఘసభకు సయితము, ఇయ్యరాదు. మిగిలిన వేళల అద్దె వచ్చిన రానిండు. ఆ ధనము మేష్టరు జీతమునకు చేరవలెను. రెండవది: గుమ్మమున హాజరుపట్టీలో పేరు, వయస్సు, ఊరు తప్ప మఱి యేమియు వ్రాయరాదు.

ఈ రెండవ షరతునకు ఆక్షేపణ రాగలదని మే మెఱుగుదుము. మన ధనముతో గొన్న నేలలో పరుల బిడ్డ లాడుట యేమి, మన బిడ్డలకు తావు చాలకున్న నేమి గతి యని పెద్దలు కొందఱడుగుదురు. ప్రశ్నము నిజాయితీ గలదే. దానికి మా సమాధానము: వసతిగృహమున మంచములు ఇన్ని యని లెక్క యుండును, ఒకరికిచ్చిన మఱియొకరికి లేదు. మైదాన మట్లు కాదు. ఆటకు ప్రత్యర్థి కావలెను. మన బిడ్డలు మనవారితోనే ఆడినచో ఊరిలో మేటు లగుదురు. అందఱితో నాడినచో దేశమున మేటు లగుదురు. బుచ్చిబాబు నాయుడు సొంత మైదానము కట్టినది తన వారిని మూసి యుంచుటకు గాదు, చేపాకమువారికి ఎదురునిలుపుటకు. గులాం అహమ్మదు జట్టును, ఆరిఫు శిష్యులును మనకు తెలిపినదియు నిదియే.

మఱియొక మాట. మన సంఘ మీ మైదానమును కట్టినచో జనులు దానిని మన కులము పేరనే పిలుతురు, వలదన్నను పిలుతురు. సర్వజనులు ఆడుకొను నేలకు మన పేరు నిలుచుట కంటె కులమునకు కీర్తి యేది? మన బిడ్డలే తిరుగు నేలకు మన పేరున్న నేమి, లేకున్న నేమి?

కృపాచార్యుడు పండితుడే, సదాచారము నెఱిగినవాడే. ఆయన అడిగిన ప్రశ్నము శాస్త్రవిరుద్ధము కాదు. అయినను ఆ రంగమున నది యడుగదగినది కాదు. మనమును పండితులమే, సదాచారులమే. మన గుమ్మమునకు రేపు ఒక పల్లెబిడ్డ చెప్పులు లేక వచ్చి నిలుచును. ఆమె నేమి యడుగవలయునో మహాసభవారు ఈ సమావేశముననే నిర్ణయింతురు గాక యని ప్రార్థించుచు విరమించుచున్నాము.

సర్వే జనాః సుఖినో భవంతు.